ఒక పైసా తక్కువ

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు.

ఈ సంఖ్యను కళ్ళతో దాటెయ్యకుండా ఒక్కసారి పైకి చదవమని పాఠకులను కోరుతున్నాను. అంకెల్లో రాస్తే 2,14,74,83,647. మొత్తం పది అంకెలు. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో అంకెలతోనే కాపురం చేస్తున్నవాణ్ణి. ఇంతకన్నా పెద్ద మొత్తాలు రోజూ నా బల్ల మీదికి వచ్చి పోతుంటాయి. సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. కాని తెలిసిన మనిషిని గుర్తుపట్టినట్టు నేను గుర్తుపట్టగలిగే పెద్ద సంఖ్య ఇదొక్కటే. దీని దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది మా నాయన. అప్పటికే ఆయనకు చూపు లేదు.

మాది హోసూరు పక్కన పల్లె. ఎన్ని తరాల క్రితం వచ్చి ఇక్కడ నిలబడ్డామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, సంతలో సగం కన్నడం, బ్యాంకులో ఇంగ్లీషు. నాలుగు భాషలూ మాకు ఇబ్బంది లేకుండానే నడుస్తాయి. అయితే కౌంటరులో కూర్చున్న రోజుల్లో నేను ఒకటి గమనించాను. క్యాషియరు ఎవరితో ఏ భాష మాట్లాడినా, నోట్లు లెక్కపెట్టేటప్పుడు అతని పెదవులు కదిలేది మాత్రం అమ్మ నేర్పిన భాషలోనే. నా పెదవులు తెలుగులో కదులుతాయి. మధ్యలో ఎవరైనా తమిళంలో పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ మొదటి నోటు నుంచి మొదలుపెట్టేవాణ్ణి.

నాయన చింతపండు మండీలో గుమాస్తా. 1932లో పుట్టాడు. చదువు అయిదో తరగతి. చిట్టా, ఆవర్జా తెలుగులోనే రాసేవాడు. 1957 ఏప్రిల్ ఒకటిన నయా పైసలు వచ్చేదాకా ఆయన లెక్కంతా అణాల లెక్క. రూపాయిని సగం చేస్తే అర్ధరూపాయి, దాన్ని సగం చేస్తే పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా, ఆపైన అర్ధణా, ఆపైన కానీ. ఆరుసార్లు సగం చేస్తే రూపాయి కానీ దగ్గరికి దిగుతుంది. ఆ దిగడం ఎక్కడం ఆయనకు మెట్లెక్కి దిగినంత అలవాటు. వందతో భాగించే కొత్త లెక్క వచ్చాక కూడా నాయన చెయ్యి ముందు సగం మీదికే పోయేది.

ఆయన కళ్ళు గ్లకోమా వల్ల పోయాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. పక్క నుంచి వచ్చే మనుషులు కనబడకపోవడం, గడపలు తట్టుకోవడం. వయసు అనుకున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పోయింది తిరిగి రాదన్నారు. 1991లో మండీ మానేశాడు. 1994 నాటికి ఆయనకు మిగిలింది పగలూ రాత్రీ తేడా ఒక్కటే.

నేను 1992లో గుమాస్తాగానే బ్యాంకులో చేరాను. ఇప్పటి పిల్లలకు ఆ రోజుల సంగతి చెప్పాలి. లెడ్జర్లన్నీ చేత్తో రాయాలి. నెలాఖరున ఒక్కో ఖాతా నిల్వ కూడి, మొత్తం జనరల్ లెడ్జరుతో సరిపోవాలి. సరిపోదు. ఆ తేడాను పట్టుకోవడానికి మా పెద్ద గుమాస్తాలు నేర్పిన సూత్రాలు రెండు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అర్థం. 540కి బదులు 450 రాస్తే తేడా 90; ఏ రెండు అంకెలు తిరగబడినా ఇంతే, తొమ్మిది గుణిజమే వస్తుంది. తొమ్మిదితో పోకపోతే తేడాను సగం చెయ్యాలి. ఆ సగం మొత్తం గల పద్దు ఎక్కడైనా ఉంటే, అది జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడిందన్నమాట. ఈ రెండు సూత్రాలతో నా తరం గుమాస్తాలు ఎన్ని రాత్రులు ఇంటికి చేరామో లెక్కలేదు.

1996 సెప్టెంబరు 30, అర్ధ సంవత్సరం ముగింపు. మా శాఖకు అప్పటికి ఒక కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు డిప్లొమా చేసిన కుర్ర గుమాస్తా ఒకడు ఫిక్సెడ్ డిపాజిట్ల కోసం సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాడు. నిల్వలు కొడితే అదే కూడుతుంది. జూన్‌లో పైసాతో సహా సరిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. సెప్టెంబరులో మాత్రం చేత్తో కూడితే 2,14,80,315 రూపాయల 50 పైసలు వస్తోంది. కంప్యూటరు మైనస్ 2,14,69,357 రూపాయల 46 పైసలు చూపిస్తోంది.

డిపాజిట్లకు మైనస్ ఏమిటి? అంటే ఊళ్ళోవాళ్ళందరూ మాకు తిరిగి బాకీ ఉన్నారనా? మేనేజరుకు కోపం వచ్చింది. పద్దులన్నీ మళ్ళీ కొట్టించాడు. మళ్ళీ అదే. కుర్రవాడు పద్దులతో ఆటలాడాడని, పొద్దున్నే వాడికి మెమో ఇస్తానని కేకలేశాడు. వాడింకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ప్రొబేషన్‌లో మెమో అంటే ఏమిటో బ్యాంకు వాళ్ళకు చెప్పక్కర్లేదు. వాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు మొత్తాలకు మధ్య తేడా తీశాను. 4,29,49,672 రూపాయల 96 పైసలు. అంకెలన్నీ కూడితే 58. తొమ్మిదితో పోదు. సగం చేశాను: 2,14,74,836 రూపాయల 48 పైసలు. మా శాఖ మొత్తంలో అంత పద్దు ఎక్కడుంటుంది? రెండు సూత్రాలూ అయిపోయాయి. కాగితం జేబులో పెట్టుకొని ఆఖరి బస్సెక్కాను.

నాయన మేలుకొనే ఉన్నాడు. చూపు పోయాక ఆయనకు రాత్రి, నిద్ర రెండూ విడిపోయాయి.

“ఏమిరా, ముగింపు కాలేదా?”

“తేడా వచ్చింది నాయనా.”

“ఎంత?”

చెప్పాను. ఆయనకు మొత్తాలు చెప్పేటప్పుడు అంకెలు వరసగా చదివితే ఒప్పుకోడు. కోట్లు, లక్షలు, వేలు, వందలు అన్నీ పేరు పెట్టి పలకాలి. నాలుగు కోట్ల ఇరవై తొమ్మిది లక్షల నలభై తొమ్మిది వేల ఆరు వందల డెబ్బై రెండు రూపాయల తొంభై ఆరు పైసలు.

“తొమ్మిదితో పోతుందా?”

“పోదు.”

“సగం?”

“చేశాను. అంత పద్దు లేదు.”

“మళ్ళీ సగం చెయ్యి.”

ఎందుకని అడగలేదు. కాగితం తీసుకున్నాను. నేను రాసేలోపలే ఆయన నోటితో చెప్పేస్తున్నాడు. కోటీ ఏడు లక్షల ముప్ఫై ఏడు వేల నాలుగు వందల పద్దెనిమిది, ఇరవై నాలుగు పైసలు. దానిలో సగం యాభై మూడు లక్షల అరవై ఎనిమిది వేల ఏడు వందల తొమ్మిది, పన్నెండు పైసలు. ఇరవై ఆరు లక్షల ఎనభై నాలుగు వేల మూడు వందల యాభై నాలుగు, యాభై ఆరు పైసలు. కళ్ళు మూసుకొని, వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ దిగుతున్నాడు. పదహారోసారికి ఆరు వందల యాభై అయిదు రూపాయల ముప్ఫై ఆరు పైసలు వచ్చింది. అక్కడ ఆగాడు.

“చూశావా, ఇంతదాకా ఎక్కడా పైసా విరగలేదు.”

నిజమే. నాకు అది తట్టలేదు. ఎక్కడా అరపైసా మిగల్లేదు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. పది రూపాయల ఇరవై నాలుగు పైసలు, అయిదు పన్నెండు, రెండు యాభై ఆరు, ఒకటి ఇరవై ఎనిమిది, అరవై నాలుగు పైసలు, ముప్ఫై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒక పైసా.

“ఎన్నిసార్లయింది?”

గీతలు లెక్కపెట్టాను. ముప్ఫై రెండు.

“మనిషి తప్పు ఇంత నున్నగా ఉండదురా. ఇది మిషను తప్పు. చదరంగంలో గడికి రెట్టింపు గింజలు పోస్తారే, ఆ లెక్క ఇది. మీ మిషనులో ముప్ఫై రెండు గళ్ళే ఉన్నాయేమో. నిండితే పొర్లిపోతుంది. ఆ పిల్లవాణ్ణి అడుగు.”

పొద్దున్నే అడిగాను. వాడు తన పుస్తకం తెరిచి, ఒక పేజీ చూసి, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. దశాంశాలతో చిక్కు ఎందుకని మొత్తమంతా పైసల్లో కూడించాడట. వాడు ఎంచుకున్న పద్ధతిలో ఒక సంఖ్యకు కంప్యూటరు ఇచ్చే గళ్ళు ముప్ఫై రెండు. మొదటిది ప్లస్సా మైనస్సా చెప్పడానికి. మిగిలిన ముప్ఫై ఒక్క గళ్ళలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. పైసల్లో అంత అంటే 2,14,74,836 రూపాయల 47 పైసలు. జూన్‌లో మా డిపాజిట్లు దానికి లోపల ఉన్నాయి. సెప్టెంబరులో దాటాయి. దాటిన మరుక్షణం లెక్క అవతలి కొసకు, మైనస్‌లోకి పల్టీ కొట్టింది. పల్టీకి పట్టే మొత్తం ఎప్పుడూ ఒకటే, నాయన ముప్ఫై రెండు మెట్లు దిగిన ఆ మొత్తమే.

వాడు రూపాయలు వేరు, పైసలు వేరు కూడేట్టు మార్చాడు. సరిపోయింది. మెమో రాలేదు. మేనేజరు వాడికి టీ తెప్పించాడు. వాడు ఆదివారం మా ఇంటికొచ్చి నాయన కాళ్ళకు దండం పెట్టాడు. “నాదేముందప్పా, మీ మిషనూ నా మాదిరే అణాల లెక్క మనిషి” అన్నాడు నాయన.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కాని నా మనసు ఆ ఒక్క పైసా దగ్గర నిలిచిపోయింది. తేడాలో సగం 48 పైసలతో ముగిసింది. గళ్ళలో పట్టేది 47 పైసలతో ముగుస్తుంది. ఒక పైసా తక్కువ. 48 ఉన్నదాన్ని ముప్ఫై ఒక్కసార్లు సగం చెయ్యవచ్చు, అంత మెత్తనిది. మరి ఒక పైసా తీసేస్తే?

రెండేళ్ళ తరువాత బెంగుళూరులో ఒక గ్రంథాలయంలో గణితం మీద సామాన్యుల కోసం రాసిన పుస్తకం దొరికింది. అందులో జవాబుంది. ఒక పైసా తీసేస్తే ఆ సంఖ్యను ఇక ఏదీ భాగించలేదు, ఒకటీ తానూ తప్ప. అది ప్రధాన సంఖ్య. రెట్టింపులన్నిటిలో ఒకటి తీసేసినంత మాత్రాన ప్రధాన సంఖ్య రాదు. నాలుగు రెట్టింపులకు 16. ఒకటి తీస్తే 15, అది మూడు అయిదులు. పదకొండు రెట్టింపులకు 2048. ఒకటి తీస్తే 2047, అది 23 ఇంటూ 89. ముప్ఫై ఒకటి దగ్గర మాత్రం గట్టిగా నిలిచింది. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఇలాంటి సంఖ్యల పట్టిక ఒకటి ఇచ్చాడు. అందులో కొన్ని తప్పులని తరువాత తేలింది. ముప్ఫై ఒకటి ఉంది, కాని రుజువు లేదు. రుజువు 1772లో ఆయ్లర్ ఇచ్చాడు. బెర్నూలీకి రాసిన ఒక ఉత్తరంలో.

ఆ సంఖ్యకు వర్గమూలం 46,340 పైచిలుకు. అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్యలు 4,792. ఒక్కోదానితో భాగించి చూడాలి. చేత్తో పెద్ద భాగహారాలు చేసినవాణ్ణి గనక చెబుతున్నాను, ఒక్కోదానికి పది నిమిషాలనుకున్నా ఎనిమిది వందల గంటలు. ఆయ్లర్ అలా చెయ్యలేదు. మనం తేడా వెతికేటప్పుడు లెడ్జర్లన్నీ తిరగెయ్యం. తొమ్మిదితో పోతుందా, సగముందా అని ముందు వెతికే చోటును తగ్గించుకుంటాం. ఆయనా అదే చేశాడు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య అంటూ ఉంటే, దాన్ని 31తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. 8తో భాగిస్తే ఒకటో ఏడో రావాలి. పైన చెప్పిన 23, 89లనే చూడండి. అక్కడ రెట్టింపులు పదకొండు. రెండింటినీ 11తో భాగిస్తే శేషం ఒకటి. 8తో భాగిస్తే 23కు ఏడు, 89కి ఒకటి. ఒకటిని వదిలేస్తే, ఈ రెండు షరతులకూ లొంగే అంకెలు 46,340 లోపల 373. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివాటిని వదిలెయ్యవచ్చు. మిగిలినవాటిలో ఏ ఒక్కటీ దాన్ని భాగించలేదు. ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య అదే.

దీనితో ఇంకో గొప్ప కూడా ఉంది. తాను కాక 6ను భాగించేవి 1, 2, 3. కూడితే మళ్ళీ 6. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. మన సంఖ్యను ముప్ఫై రెట్టింపుల మొత్తంతో గుణిస్తే అలాంటి పరిపూర్ణ సంఖ్య ఒకటి వస్తుంది, పందొమ్మిది అంకెలది. ఇంతకన్నా పెద్దది ఎవరూ కనిపెట్టరని 1811లో బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రాశాడు. ఎందుకంటే ఇవి వింతలే తప్ప వేటికీ పనికిరావట, పనికిరానిదానికోసం ఎవరు శ్రమపడతారని. ఆ శతాబ్దం పూర్తి కాకముందే ఇంకా పెద్దవి దొరికాయి. పనికిరాదన్న మాటకు జవాబు హోసూరు పక్కన ఒక బ్యాంకు శాఖలో నాకు దొరికింది.

రోజూ సాయంత్రం ఆ పుస్తకాన్ని నాయనకు తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయ్లర్ సంగతి వచ్చినప్పుడు ఒక మాట చెప్పాను. ఆ ఉత్తరం రాసేనాటికి ఆయనకు అరవై అయిదేళ్ళు, చూపు దాదాపు పూర్తిగా పోయింది, లెక్కలన్నీ మనసులో చేసి కొడుకులకూ శిష్యులకూ చెప్పి రాయించేవాడు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు, “ఆయనది ఏ ఊరు?”

“పుట్టింది స్విట్జర్లాండులో, బాసెల్ అనే ఊరు. ఇంటి భాష జర్మను. ఉన్నది రష్యాలో. ఉత్తరాలు ఫ్రెంచిలో, పుస్తకాలు లాటిన్‌లో.”

“అయితే మన మాదిరే. బయట నాలుగు భాషలు. లెక్క మాత్రం ఇంటి మాటలోనే పెట్టుంటాడు. చూపు లేనివాడికి అంకెలు ఉండవురా, మాటలే ఉంటాయి.”

నాయన 2004లో పోయాడు. ఆ మాట నాకు పద్దెనిమిదేళ్ళ తరువాత పనికొచ్చింది.

2022లో అద్దాలు మార్చుకుందామని వెళితే కంటి డాక్టరు మా ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉందా అని అడిగింది. తండ్రికి ఉంటే పిల్లలు నలభై దాటాక క్రమంగా చూపించుకోవాలని నాకు తెలుసు. తెలిసీ వాయిదా వేశాను. అందరికీ గడువు తేదీలు గుర్తుచేసే ఉద్యోగం నాది. చీకటి గదిలో ఒక గిన్నెలాంటిదాని ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. నేను చూసినన్నీ నొక్కాను. ఎడమ కంటి కాగితంలో పైన ఒక మూల నల్లగా వచ్చింది. అక్కడా చుక్కలు వెలిగాయట. నాకు తెలియనే లేదు.

రోజూ రాత్రి చుక్కల మందు వేసుకుంటున్నాను. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. నాయనకు ఆ అవకాశం దొరకలేదు, నాకు దొరికింది. పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా ఈ జబ్బు ఉండి ఉంటే దయచేసి నా మాదిరి వాయిదా వెయ్యకండి. ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం అది.

రెండో కారణం మా అమ్మాయి. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరోజు తాత కథ చెబుతుంటే, “ఆ నంబరు మాకూ తెలుసు నాన్నా” అంది. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి ఒకటి నుంచి సెకండ్లలో లెక్కపెడతాయట. ముప్ఫై రెండు గళ్ళున్న పాత పద్ధతిలో ఆ లెక్క 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు నిండుతుంది. ఆ మరుసటి సెకండుకు మా డిపాజిట్లలాగే మైనస్‌లోకి పల్టీ కొడుతుంది. కొత్తవాటికి అరవై నాలుగు గళ్ళు ఇచ్చారు, ఇబ్బంది లేదు. పాతవాటిని వెతికి మార్చాలి. నేను పుట్టిందీ 1970లోనే. ఆ గడియారమూ నేనూ ఒక ఈడువాళ్ళం. అది నిండేనాటికి నాకు అరవై ఎనిమిది. ఆ ఉదయం గోడ గడియారంలో ముల్లు నాకు కనబడాలని ఆశ.

“ఆ సంఖ్య చెప్పు” అన్నాను. “టూ బిలియన్ వన్ ఫార్టీ సెవెన్ మిలియన్...” అని మొదలుపెట్టింది. “తెలుగులో” అన్నాను. నవ్వింది. ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడే పిల్ల. కాని బళ్ళో ఎక్కాలు ఇంగ్లీషులో నేర్చింది. యాభై తొమ్మిదికీ అరవై తొమ్మిదికీ తడబడింది. తప్పు దానిది కాదు. ఎక్కాలు నేర్పాల్సిన వయసులో నేను ముగింపు లెక్కల్లో ఉన్నాను.

ఇప్పుడు రాత్రి మందు వేసుకున్నాక అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమన్నారు. ఆ అయిదు నిమిషాలూ రెట్టింపులు చెప్పుకుంటాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. మొదట్లో అరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై ఆరు దాటలేకపోయాను. ఇప్పుడు ముప్ఫై ఒకటో మెట్టు ఎక్కి, ఒకటి తీసేసి, కళ్ళు తెరుస్తున్నాను.

ఆదివారాలు అమ్మాయి ఫోన్ చేస్తుంది. యోగక్షేమాలు అయ్యాక తనే మొదలుపెడుతుంది. పోయిన వారం పది లక్షల నలభై ఎనిమిది వేల అయిదు వందల డెబ్బై ఆరు దాకా వచ్చింది. ఒక్కసారే తడబడింది, దిద్దుకుంది. ఇంకా పదకొండు రెట్టింపులున్నాయి.